గెడ్డ దగ్గరికి వెయ్యి ఎందుకు? 77 మి.మీ. అయస్కాంత ఎన్‌డీ కిట్ రివ్యూ

ఘాట్ రోడ్డెక్కి అనంతగిరి, అరకు వైపు వెళ్లే కెమెరా బ్యాగుల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఎన్‌డీ1000 (లెన్సులోకి వచ్చే వెలుగును వెయ్యో వంతుకు తగ్గించే నల్లటి ఫిల్టర్) కనిపిస్తోంది. కటికి జలపాతం ముందు నిలబడి దాన్ని లెన్సుకు తగిలించడం, ముప్పై సెకన్లు షట్టర్ తెరిచిపెట్టడం, గోడకి సున్నం కొట్టినట్టు తెల్లటి పట్టీ ఒకటి ఇంటికి తెచ్చుకోవడం. నీళ్లు ఏవీ అంటే జవాబు లేదు. రాయి మీంచి దూకి, చీలి, మళ్లీ కలిసే పాయలన్నీ ఆ తెలుపులో కలిసిపోయి ఉంటాయి.

ఈ రివ్యూ అయస్కాంతంతో అతుక్కునే ఫిల్టర్ కిట్ మీద. లెన్సుకు బిగించే 77 మిల్లీమీటర్ల ఆధార రింగు ఒకటి, మెరుపును తగ్గించే పోలరైజర్ (సీపీఎల్), ఎన్‌డీ8, ఎన్‌డీ64, ఎన్‌డీ1000, అయస్కాంతపు మూత, నాలుగు అరలున్న సంచి. ఇదే పొందికలో చాలా పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి కంపెనీ పేరు పట్టుకుని వేలాడక్కర్లేదు. ఇక్కడ చెప్పేది ఈ తరహా సెట్టు మొత్తానికీ వర్తిస్తుంది. తీర్పు ముందే చెప్పేస్తే: పోలరైజర్ బంగారం, ఎన్‌డీ8 ఎవరూ పట్టించుకోని పనిమంతుడు, ఎన్‌డీ64 మిట్టమధ్యాహ్నానికి, ఎన్‌డీ1000 సముద్రానికి. ఇక అయస్కాంతం సంగతి. కొండల్లో అది వరం, మన వైజాగ్ బీచ్‌లో శాపం. ఎందుకో కింద ఉంది.

అంకెల లెక్క

ఫిల్టర్ మీద రాసిన అంకె వెలుగు ఎన్నో వంతుకు తగ్గుతుందో చెబుతుంది. ఎన్‌డీ8 అంటే ఎనిమిదో వంతు, అంటే మూడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు సగమవుతుంది). ఎన్‌డీ64 ఆరు స్టాప్‌లు. ఎన్‌డీ1000 పది స్టాప్‌లు (రెండుని పదిసార్లు గుణిస్తే నిజానికి 1024 వస్తుంది, గుండ్రంగా వెయ్యి అంటారు). కొన్నింటి మీద 0.9, 1.8, 3.0 అని ఉంటుంది. అవీ ఇవే, రాసే పద్ధతి వేరంతే. ఫిల్టర్ లేకుండా వచ్చిన షట్టర్ సమయాన్ని ఆ అంకెతో గుణిస్తే కావాల్సిన సమయం వస్తుంది. ఇంతకు మించి యాప్ అక్కర్లేదు.

ఇప్పుడు ఆ లెక్కను గెడ్డ (కొండవాగు) ఒడ్డుకు తీసుకెళ్దాం. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/11 పెట్టుకున్నారనుకోండి. మబ్బు పట్టిన రోజు ఆరుబయట దాదాపు 1/30 సెకను వస్తుంది. చెట్ల నీడలోకి వెళ్తే 1/15, ఇంకాస్త చీకటి లోయలో 1/8. ఎండ నేరుగా పడితే 1/250. సీపీఎల్ తగిలిస్తే ఒకటి, ఒకటిన్నర స్టాప్‌లు అదే మింగేస్తుంది. అంటే చెట్ల నీడలో సీపీఎల్ ఒక్కటి పెడితేనే 1/6 దగ్గరికి వచ్చేశారు. దానికి ఎన్‌డీ8 కలిపితే సెకను పైచిలుకు. ఎన్‌డీ64 కలిపితే పది సెకన్లు దాటుతుంది. ఎన్‌డీ1000 కలిపితే దాదాపు మూడు నిమిషాలు!

జోరుగా దూకే జలపాతానికి ఎంత కావాలి? 1/8 నుంచి 1/2 సెకను మధ్య నీటి పాయలు దారాల్లా విడివిడిగా నిలుస్తాయి, బరువు తెలుస్తుంది. సెకను, రెండు సెకన్లకు పట్టు చీర కుచ్చిళ్లలా మెత్తబడుతుంది. నాలుగు సెకన్లు దాటితే పాయలు కరిగిపోయి పొగ మిగులుతుంది. అందుకే నీడలో, మబ్బులో ఎన్‌డీ8కే ఎక్కువ పని. కిట్లో అన్నిటికన్నా చౌకగా, పల్చగా కనిపించే ఆ ముక్కని చాలామంది సంచిలోంచి తీయనే తీయరు. ఎండలో అయితే ఎన్‌డీ64 పెడితే 1/4, దానికి సీపీఎల్ తోడైతే 0.7 సెకను. సరిగ్గా కావాల్సిన చోటే పడుతుంది. ఎన్‌డీ1000కి జలపాతం దగ్గర పనిలేదని ఈ లెక్కే చెబుతోంది.

దూకే చోటు ఒకటి, కింద మడుగు మరొకటి. మడుగులో నురగ తిరుగుతుంటే, రాలిన ఆకులు దాంతోపాటు గిరగిరా తిరుగుతుంటే ఆ సుడి గీత గీసినట్టు పడాలంటే 8 నుంచి 15 సెకన్లు కావాలి. అక్కడ ఎన్‌డీ64 బాగా పలుకుతుంది. పైన పడే ధారకి సెకను చాలు, కింద సుడికి పది సెకన్లు కావాలి. ఒకే ఫ్రేములో రెండూ కుదరవు. ట్రైపాడ్ కదపకుండా రెండు ఫ్రేములు తీసి తర్వాత కలుపుకోవడమే దారి.

పోలరైజర్: ఎంత తిప్పాలి అన్నదే అసలు ప్రశ్న

కిట్ మొత్తంలో ఒక్కటే ఉంచుకోమంటే సీపీఎల్ ఉంచుకోవాలి. మిగతా ఫిల్టర్లు చేసే పనిని తక్కువ వెలుగుతోనో ఎక్కువ సమయంతోనో ఎలాగోలా సాధించొచ్చు. తడి ఆకు మీద మెరుపును తీసేయడం మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు, ఎందుకంటే ఆ మెరుపు కింద ఉన్న పచ్చదనం ఫైల్లో రికార్డే కాదు. తిప్పుతుంటే ఒక చోట తడి రాళ్ల మీద తెల్లటి మెరుపు పోయి నాచు ఆకుపచ్చ బయటపడుతుంది. అక్కడే ఆపుతారు అందరూ. అక్కడ ఆపకూడదు.

డుంబ్రిగూడ దగ్గర చాపరాయి దీనికి మంచి ఉదాహరణ. పేరుకు తగ్గట్టే చాప పరిచినంత వెడల్పు రాయి, దాని మీద పల్చగా జారే నీరు. అక్కడ పోలరైజర్‌ని పూర్తిగా తిప్పేస్తే నీటి మీది ప్రతిబింబం మొత్తం పోతుంది. పల్చటి నీటిని నీరుగా చూపించేదే ఆ ప్రతిబింబం. అది పోయాక మిగిలేది నల్లటి తడి రాయి. గరిష్ఠం దాకా తిప్పి, అక్కడి నుంచి మూడో వంతో, సగమో వెనక్కి తీసుకురండి. రాయి మీద మెరుపు తగ్గి, నీటి మీద ఆకాశపు చాయ కొంచెం నిలిచే చోటు ఒకటుంది. దాన్ని వ్యూఫైండర్లో కంటితో చూసి ఆపాలి. నీటి ఉపరితలానికి దాదాపు 37 డిగ్రీల వాలులో కెమెరా ఉన్నప్పుడు పోలరైజర్ ప్రభావం ఎక్కువ. బాగా నిటారుగా కిందికి చూసినా, మరీ నేలబారుగా చూసినా తగ్గిపోతుంది. కెమెరాను ఒక అడుగు పైకెత్తితే ఫలితం మారిపోయేది అందుకే.

ఈ కిట్లోని సీపీఎల్ గాజుకి వంక పెట్టడానికి లేదు. వంక అంతా తిరిగే రింగుకే. మామూలు మరచుట్టు పోలరైజర్లో వెనక రింగు లెన్సుకు బిగిసి ఉంటుంది, ముందు రింగు మాత్రమే తిరుగుతుంది. ఇక్కడ వెనక రింగు అయస్కాంతంతో మాత్రమే అతుక్కుని ఉంది. ముందు రింగు కాస్త బిగువుగా ఉంటే రెండూ కలిసి తిరుగుతాయి. చలికి రింగు బిగుసుకునే డిసెంబరు తెల్లవారుజామున ఇది మరీ విసిగిస్తుంది. వెనక రింగు అంచుని బొటనవేలి గోటితో ఆపి ముందుది తిప్పడం అలవాటు చేసుకోవాలి.

ఏది లోపల, ఏది బయట? ఎన్‌డీ8తో అయితే ఎన్‌డీ లోపల, సీపీఎల్ బయట. మూడు స్టాప్‌ల చీకట్లోంచి కూడా ప్రభావం కనిపిస్తుంది కాబట్టి తిప్పుకుంటూ చూడొచ్చు. ఎన్‌డీ1000తో అలా కుదరదు, స్క్రీన్ దాదాపు నల్లగా ఉంటుంది. అప్పుడు సీపీఎల్ లోపల పెట్టి కోణం సరిచూసి, పైన ఎన్‌డీని తిప్పకుండా నెమ్మదిగా దించాలి. సీపీఎల్ అంచు మీద తెల్ల పెయింటుతో చుక్క పెట్టుకుంటే కదిలిందో లేదో ఇట్టే తెలుస్తుంది. కంపెనీవాళ్లే ఆ చుక్క పెట్టి ఉండాల్సింది.

పొరలు పెరిగేకొద్దీ మూలలు నల్లబడతాయి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మి.మీ. దగ్గర ఆధార రింగు, సీపీఎల్, ఒక ఎన్‌డీ కలిపినా ఇబ్బంది లేదు. 16 మి.మీ. దగ్గర అదే పేర్పు నాలుగు మూలల్నీ కోసేస్తుంది. వైడ్ లెన్సుతోనే పని అంటే 82 మి.మీ. కిట్ కొని, 77 నుంచి 82కి స్టెప్‌అప్ రింగు వేసుకోవడం మేలు.

ఎన్‌డీలు: రంగు ఎక్కడ చెడుతుంది

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. తెల్ల గోడ, కిటికీ నీడ, మబ్బు అడ్డు రాని సమయం. ఫిల్టర్ లేకుండా ఒక ఫ్రేము, ఫిల్టర్‌తో లెక్క ప్రకారం మరో ఫ్రేము. హిస్టోగ్రాంలో (వెలుగు ఎక్కడ ఎంతుందో చూపే గ్రాఫు) గుట్ట రెండింట్లోనూ ఒకే చోట ఉండాలి. ఈ కిట్లో ఎన్‌డీ8 లెక్కకు సరిపోయింది. ఎన్‌డీ64 మూడోవంతు స్టాప్ చీకటి, పట్టించుకోనక్కర్లేదు. ఎన్‌డీ1000 మాత్రం మూడింట రెండు వంతుల స్టాప్ ఎక్కువ మింగుతోంది. అంటే లెక్కలో 8 సెకన్లు వస్తే 13 సెకన్లు పెట్టాలి. ఎన్‌డీ1000ల్లో చాలావాటికి ఇలాంటి తేడా ఏదో ఒకటి ఉంటుంది. తప్పు కాదు కానీ, మీ చేతిలోని ముక్కకి తేడా ఎంతో కొలిచి, చిన్న కాగితం మీద రాసి సంచిలో అంటించుకోండి.

రంగు విషయానికొస్తే ఎన్‌డీ8, ఎన్‌డీ64 దాదాపు తటస్థం. చిన్నపాటి వెచ్చదనం ఉంది, రా ఫైల్లో వైట్ బ్యాలెన్స్ ఒక మీట కదిపితే పోతుంది. ఎన్‌డీ1000తో మటుకు కొండ పచ్చదనం గోధుమ రంగులోకి జారుతుంది. ఇది వైట్ బ్యాలెన్స్‌తో పోయే రకం కాదు. కారణం కంటికి కనిపించని పరారుణ కాంతి. ఫిల్టర్ కనిపించే వెలుగును వెయ్యో వంతుకు కోసేస్తుంది, పరారుణాన్ని మాత్రం అంతగా ఆపదు. మామూలు ఫొటోలో లెక్కలోకి రాని ఆ కాంతి, ఇప్పుడు మిగిలిన కొద్ది వెలుగులో పెద్ద వాటా అయిపోతుంది. పచ్చని ఆకులు పరారుణాన్ని విపరీతంగా ప్రతిఫలిస్తాయి. అందుకే రాళ్లు బాగానే ఉండి, ఆకులు మాత్రమే ఎండిపోయినట్టు కనిపిస్తాయి. అడవిలో ఎన్‌డీ1000 వద్దనడానికి ఇది రెండో కారణం. అదే ఫిల్టర్ రుషికొండ రాళ్ల దగ్గర, ఆకు అన్నది లేని చోట, ఏ గోలా లేకుండా పనిచేస్తుంది.

ఎన్‌డీ కొనే బదులు ఎఫ్/22 పెడితే సరిపోదా అని అడిగేవాళ్లు ఉంటారు. సమయం పెరుగుతుంది, నిజమే. దాంతోపాటు డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వెళ్లేటప్పుడు వెలుగు చెదరడం) వల్ల రాళ్ల అంచులు మెత్తబడతాయి, ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్లో ఎఫ్/11 దాటగానే అది మొదలవుతుంది. సెన్సర్ మీది దుమ్ము చుక్కలు కూడా తెల్లటి నీటి మీద మిరియాలు చల్లినట్టు బయటపడతాయి. తిప్పితే చీకటి పెరిగే వేరియబుల్ ఎన్‌డీ సంగతేంటంటే, దానిలో రెండు పోలరైజర్లు ఎదురెదురుగా ఉంటాయి. బాగా చీకటికి తిప్పితే, అందులోనూ వైడ్ లెన్సులో, ఆకాశంలో ఇంటూ గుర్తులా నల్లటి అడ్డ చారలు పడతాయి. వీడియోవాళ్లకు అది సౌకర్యం. జలపాతానికి ఈ స్థిరమైన ముక్కలే నయం.

అయస్కాంతం

కొండ మీద దీని సుఖం చెప్పనలవి కాదు. మరచుట్టు ఫిల్టర్‌ని తడి చేతులతో, చలికి మొద్దుబారిన వేళ్లతో తిప్పి బిగించడం, మర సరిగ్గా పడక అడ్డంగా ఇరుక్కోవడం, తర్వాత ఎంతకీ ఊడకపోవడం, ఇవన్నీ మరచుట్టువాళ్లకు తెలిసిన బాధలే. ఇక్కడ టక్కున పెట్టడం, టక్కున తీయడం. ఫోకస్ చేయడానికి ఫిల్టర్ తీయాలి, ఫ్రేము సరిచూడ్డానికి తీయాలి, తుంపర తుడవడానికి తీయాలి. గంటలో ఇరవై సార్లు తీసి పెడతారు. ఆ ఇరవై సార్లలోనూ అర నిమిషం చొప్పున మిగులుతుంది.

పట్టు కూడా గట్టిదే, కెమెరాని తలకిందులు చేసినా ఊడదు. కానీ నిలువు లాగుడుకి ఉన్న బలం పక్క తోపుడుకి లేదు. కెమెరా పట్టీ తగిలితే, కొమ్మ గీసుకుంటే పక్కకి జారి పడుతుంది. ట్రైపాడ్ గెడ్డ మధ్యలో ఉంటే ఆ పడేది నీళ్లలోకే. మూడు పొరలు పేర్చినప్పుడు చివరి పొర పట్టు మరీ పల్చన. ట్రైపాడ్ ఎత్తి రాయి మీంచి రాయి మీదకి నడిచేటప్పుడు ఫిల్టర్ తీసి సంచిలో పెట్టాలి. మెడ పట్టీ పూర్తిగా విప్పేయాలి, గాలికి అది కొట్టుకుని ఫ్రేము కూడా అదురుతుంది. ఇచ్చిన అయస్కాంతపు మూతని మాత్రం నమ్మకండి. బ్యాగులో ఒత్తిడికి జారిపోతోంది.

ఇక బీచ్. భీమిలి నుంచి రుషికొండ దాకా మన ఇసుకని దగ్గరగా చూడండి. లేత ఇసుక మీద అల వెనక్కి వెళ్లినప్పుడు నల్లటి చారలు మిగిలిపోతాయి. ఇల్మనైట్, గార్నెట్, మాగ్నటైట్ వంటి బరువైన ఖనిజాల రేణువులవి. వీటిలో మాగ్నటైట్ అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది. ఆధార రింగుని ఒక్కసారి ఆ ఇసుక దగ్గర పెట్టిన చేత్తో ముట్టుకుంటే చాలు, అంచు చుట్టూ నల్లటి సన్న గడ్డంలా రేణువులు నిక్కబొడుచుకుంటాయి. ఊదితే పోవు, బ్లోయర్‌కి లొంగవు, బ్రష్‌తో తోస్తే పక్కకి జరిగి మళ్లీ అక్కడే అతుక్కుంటాయి. దాని మీద ఫిల్టర్ పెడితే రేణువులు మధ్యలో నలిగి రెండు రింగుల పూతనీ గీకేస్తాయి, ఫిల్టర్ సరిగ్గా కూర్చోక కాస్త వాలిపోతుంది. తర్వాత గాజు తుడిచే గుడ్డలోకి అదే రేణువు చేరితే గీత గాజు మీదే. ఇలాంటి కిట్ల ప్రకటనల్లో ఈ ముక్క ఉండదు. వాళ్ల తీరాల్లో నల్ల ఇసుక లేదేమో.

కాబట్టి వింతైన పరిస్థితి. సముద్రానికి పనికొచ్చే ఎన్‌డీ1000 ఈ కిట్లో ఉంది, సముద్రానికి పనికిరాని అయస్కాంతం దానికే ఉంది. జలపాతాలే మీ పని అనుకుంటే, విడిగా సీపీఎల్, ఎన్‌డీ8, ఎన్‌డీ64 మాత్రమే తీసుకుని వెయ్యిని వదిలేయొచ్చు. బీచ్‌కి వెయ్యి కావాలంటే అది మరచుట్టులోనే విడిగా కొనండి, వీలైతే ఇత్తడి రింగుది. అల్యూమినియం కన్నా ఇత్తడి మర తక్కువగా బిగుసుకుంటుంది. కొండలూ బీచూ రెండూ తిరిగేవాళ్లు ఈ కిట్ కొనొచ్చు, కాని ఒడ్డున ఫిల్టర్లు మార్చడం కారులోనో, గట్టు మీదో కానిచ్చి, ఇసుకలోకి దిగాక ముట్టుకోకూడదు.

వాడే క్రమం, తప్పేవి

ముందు ఫ్రేము. తర్వాత ఫిల్టర్ లేకుండా ఫోకస్, వెంటనే మాన్యువల్ ఫోకస్‌కి మార్చడం. ఇది మర్చిపోతే ఎన్‌డీ64 వెనక ఆటోఫోకస్ వెతుక్కుంటూ తిరిగి ఎక్కడో ఆగుతుంది. తర్వాత సీపీఎల్ కోణం, ఆ తర్వాత ఎక్స్‌పోజర్ కొలత, చివర్న ఎన్‌డీ (ఎన్‌డీ8 అయితే మాత్రం సీపీఎల్ కన్నా ముందే). చుట్టూ నల్లటి రాళ్లుంటే మీటర్ మోసపోయి ఎక్కువ వెలుగు అడుగుతుంది, తెల్లటి ధార కాలిపోతుంది. మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించి, హిస్టోగ్రాం కుడి గోడకి తగలకుండా చూసుకోండి. రాళ్ల చీకటిని తర్వాత లేపొచ్చు, కాలిపోయిన నీటిని తిరిగి తెచ్చుకోలేం.

డీఎస్‌ఎల్‌ఆర్ అయితే వ్యూఫైండర్ మూయాలి. వెనక నుంచి ఎండ పడుతుంటే ఆ వెలుగు లోపలికి జొరబడి ఫ్రేము మధ్యలో లేత మరకగా కూర్చుంటుంది. మిర్రర్‌లెస్‌కి ఈ బెడద లేదు. 2 సెకన్ల టైమరో, రిమోటో వాడాలి. ట్రైపాడ్ మీద స్థిరీకరణ (చేతి అదురును సరిచేసే ఏర్పాటు) ఆపేయాలి. ఆపకపోతే కొన్ని లెన్సులు లేని కదలికని వెతుక్కుంటూ తామే కదులుతాయి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే 30 సెకన్ల ఫ్రేము తర్వాత కెమెరా మరో 30 సెకన్లు స్తంభించిపోతుంది. సెకను, రెండు సెకన్ల ఫ్రేములకు అది అవసరమే లేదు.

నీళ్లలో నిలబెట్టిన ట్రైపాడ్ ఒక కథ. ప్రవాహం కాలికి తగిలి అది తీగలా సన్నగా అదురుతుంది. కంటికి కనిపించదు, ఫొటోలో కనిపిస్తుంది. కింది సన్నటి గొట్టాలు కాకుండా పైనున్న లావు భాగాలు తెరిస్తే నయం. మూడు కాళ్లూ అడుగున గులకరాళ్ల మధ్య గట్టిగా గుచ్చుకునేలా నొక్కండి. మధ్య కాండం పైకి లేపకండి. బ్యాగు కింద వేలాడదీస్తే గాలికి ఊగి మొదటికే మోసం వస్తుంది, నేలకి ఆనేంతగా దించండి. స్క్రీన్‌లో పెద్దది చేసి చూసేటప్పుడు నీటి వైపు చూడొద్దు, అది ఎలాగూ మసకే. పక్కనున్న రాయి అంచు చూడండి. అది పదునుగా ఉంటే సరే.

తుంపర ఇంకో శత్రువు. జోరు జలపాతం ఎదురుగా గాలి మన వైపు వీస్తుంటే సెకనులోనే గాజు మీద చుక్కలు. ఈ కిట్ మీది పూత నీటిని మణుల్లా గుండ్రంగా నిలబెడుతుంది, బ్లోయర్‌తో ఒక్క ఊదుకి సగం దొర్లిపోతాయి. పూత లేని ఫిల్టర్ మీద అదే చుక్క పరుచుకుని మరకయ్యేది. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకి, పొడి గుడ్డ రెండు మూడు ఉంచుకోండి. ఒకటి తడిస్తే ఇక పనికిరాదు. గొడుగు లెన్సు మీద పట్టుకుని, షట్టర్ నొక్కే క్షణానికి ముందు పక్కకి తీయడం అన్నిటికంటే చవకైన మందు. కారులో ఏసీ వేసుకుని వచ్చి బయటకి తీస్తే ఫిల్టర్ మీద మంచు పట్టినట్టు ఆవిరి కమ్ముతుంది. తుడిస్తే మళ్లీ వస్తుంది. బ్యాగు మూసి ఉంచే పావుగంట, ఇరవై నిమిషాలు బయట ఉంచాలి, మరో దారి లేదు.

ఆకులు ఊగుతున్నాయనుకోండి. ఫిల్టర్ తీసేసి, ఐఎస్ఓ పెంచి 1/60కో, 1/125కో మరో ఫ్రేము తీసుకుని, ఆకులు దాన్లోంచి, నీళ్లు మొదటి దాన్లోంచి కలపండి. ఇక్కడ మాత్రం అయస్కాంతానికి వందకి వంద మార్కులు. మరచుట్టు తిప్పుతుంటే ట్రైపాడ్ కదిలిపోతుంది, ఇది ముట్టుకున్నట్టే ఉండదు.

నీటి సంగతి కూడా తెలుసుకుని బయల్దేరాలి. జులై, ఆగస్టు వానల్లో ధార జోరే కానీ నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉంటాయి. ఎంత సేపు తెరిచినా పాలనురుగు రాదు, టీ నురుగే. వానలు వెనకబడ్డాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీరు తేటపడి, ప్రవాహం ఇంకా నిలిచి ఉంటుంది. బొర్రా దగ్గర జీపులెక్కి కటికి చేరేసరికి జనం ఉంటారు కాబట్టి ఉదయాన్నే వెళ్లాలి. పొద్దెక్కి ఎండ పాయల మీద చుక్కలు చుక్కలుగా పడితే ఏ ఫిల్టరూ కాపాడలేదు, మబ్బు కోసం ఆగాల్సిందే. కొత్తపల్లి జలపాతంలో మెట్లు మెట్లుగా చిన్న ధారలు, అక్కడ 70 నుంచి 100 మి.మీ. లెన్సుతో ఒక్క పాయని విడదీసి తీస్తే వైడ్ కన్నా బాగుంటుంది. గోస్తని భీమిలి దగ్గర సముద్రంలో కలిసే చోట నీరు నెమ్మది. సూర్యోదయానికి ముందు 15, 20 సెకన్లకి అద్దంలా పరుచుకుంటుంది, ఎన్‌డీ64 చాలు. వెలుగు పెరిగాక అక్కడే వెయ్యి.

పాచి పట్టిన రాయి మీద చెప్పులతో నిలబడొద్దని వేరే చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఇది. మీ మీద వాన లేకపోయినా పైన కొండల్లో కురిస్తే గెడ్డ ఒక్కసారిగా పొంగుతుంది. తేట నీరు మట్టి రంగులోకి తిరిగినా, పుల్లలు, ఆకులు గుంపుగా కొట్టుకొస్తున్నా ఆ ఎక్స్‌పోజర్ అయ్యేదాకా ఆగకండి. ట్రైపాడ్ వదిలేసినా సరే, ఒడ్డెక్కండి.

దుకాణంలో చూడాల్సినవి

కొనేముందు ఎన్‌డీని తెల్ల కాగితం మీద పెట్టండి, ఏ రంగు వైపు మొగ్గుతోందో పల్చని ఎన్‌డీ8లో కూడా పట్టేయొచ్చు. ట్యూబులైటు ప్రతిబింబం గాజు మీద తెల్లగా, గట్టిగా కనిపిస్తే పూత లేనట్టు. పచ్చగానో ఊదాగానో మసకగా కనిపిస్తే పూత ఉన్నట్టు. సీపీఎల్‌ని ఎదురుగా మొబైల్ స్క్రీన్ పెట్టి తిప్పితే, ఏదో ఒక చోట స్క్రీన్ బాగా చీకటి పడాలి. పడకపోతే మరో మోడల్ ఫోన్ మీద చూడండి, అక్కడా పడకపోతే వదిలేయండి. తిరిగే రింగు గరగరమంటే లోపల ఇసుక ఉందని అర్థం.

తిరిగొచ్చాక

సముద్రం నుంచి వస్తే ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడగాలి. ఉప్పు జాయింట్లలో చేరితే మర బిగుసుకుంటుంది. ఫిల్టర్లు తడి సంచిలో వదిలేయకండి. వైజాగ్ గాలిలో ఏడాది పొడవునా తేమ ఉంటుంది, గాజు అంచున ఫంగస్ సాలెగూడులా మొదలవుతుంది. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమమీటరు చాలు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే బాగు. కిట్‌తో ఇచ్చిన సంచి అడుగున నురుగు పొర తేమని పట్టేసుకుంటోంది కాబట్టి దాన్ని ప్రయాణానికే ఉంచండి.

అయస్కాంతపు రింగుకి నల్ల ఇసుక అంటుకుంటే నీళ్లతో కడగబోకండి. అయస్కాంతం పైపూత చిట్లి ఉంటే నీరు దిగి తుప్పు పడుతుంది. సెల్లో టేపు ముక్కని వేలికి జిగురు వైపు బయటికి వచ్చేలా చుట్టి, రింగు అంచు మీద అద్ది అద్ది తీస్తే రేణువులు టేపుకి వచ్చేస్తాయి. రెండు ముక్కలు నల్లబడేసరికి రింగు శుభ్రం. టేపు గాజుకి తగలకుండా చూసుకోండి, ఆ జిగురు వదలడం ఇసుక కన్నా కష్టం.